2^136279841 − 1: అంకెలన్నీ చూడకుండా ఈ ప్రధాన సంఖ్య గురించి ఎంత చెప్పగలం?

కాగితం_కలం

2024 అక్టోబరు 21న ప్రకటించిన 2^136279841 − 1 అనే సంఖ్య, నేను ఇది రాసే నాటికి, తెలిసిన ప్రధాన సంఖ్యలన్నిటిలోకీ పెద్దది. స్వచ్ఛందంగా చేరినవారి కంప్యూటర్లతో 1996 నుంచి మెర్సెన్ ప్రధాన సంఖ్యలను, అంటే 2 యొక్క ఘాతం నుంచి 1 తీసివేస్తే వచ్చే ప్రధాన సంఖ్యలను, వెతుకుతున్న గింప్స్ అనే ఉమ్మడి ప్రయత్నంలో భాగంగా ల్యూక్ డ్యూరాంట్ దీనిని కనుగొన్నారు. అంకెలన్నీ ఉన్న ఫైలు దొరుకుతుంది కానీ దానిని దింపుకోవాలని నాకు అనిపించలేదు. పేజీకి 3000 అంకెల చొప్పున అచ్చు వేసినా 13,675 పేజీలవుతాయి, వాటిలో మనిషి చదివి గ్రహించేది ఏమీ ఉండదు. అందుకు బదులు ఘాతాంకం ఒక్కటే చేతిలో పెట్టుకుని, కాగితం మీద ఎంత దూరం వెళ్లగలమో చూద్దామని కూర్చున్నాను. మొదటి మెట్టు మీదే కాలు జారింది.

రాత సులువు కోసం ఆ సంఖ్యను మ అని, ఘాతాంకం 136279841ని ఘ అని అందాం. అంకెల సంఖ్య కావాలంటే ఘాతాంకాన్ని 2 యొక్క సంవర్గమానంతో గుణించి, పూర్ణాంక భాగానికి 1 కలపాలి. బడిలో నేర్చుకున్న 0.30103తో గుణిస్తే 41024320.536 వచ్చింది, అంటే 41024321 అంకెలు ఉండాలి. ప్రకటనలో మాత్రం 41024320 అంకెలని ఉంది. గుణకారం మూడుసార్లు సరిచూసుకున్నాను, తప్పు దొరకలేదు. చివరి −1 వల్ల ఒక అంకె తగ్గిందా?

సంవర్గమానం

−1కి ఈ విషయంలో ఏ పాపమూ తెలియదు. ఒకటి తీసివేస్తే అంకెల సంఖ్య తగ్గాలంటే ఆ సంఖ్య 1 పక్కన అన్నీ సున్నాలుగా, అంటే 10 యొక్క ఘాతంగా ఉండాలి. 2 యొక్క ఏ ఘాతాన్నీ 5 భాగించదు కాబట్టి 2^ఘ అలా ఉండే అవకాశమే లేదు.

మీ గుణకారంలో తప్పు లేదు, తప్పంతా 0.30103లో ఉంది. అసలు విలువ 0.30102999566398 దగ్గర ఉంటుంది. రెంటికీ తేడా 0.0000000043 చిల్లర మాత్రమే, మామూలు లెక్కలలో దానిని ఎవరూ పట్టించుకోరు. కానీ మీరు ఆ తేడాను పదమూడున్నర కోట్లకు పైబడిన సంఖ్యతో గుణిస్తున్నారు. అలా గుణించినప్పుడు 0.591 వస్తుంది. మీకు వచ్చిన 41024320.536 నుంచి దానిని తీసివేస్తే 41024319.945 మిగులుతుంది, పూర్ణాంక భాగానికి 1 కలిపితే ప్రకటనలోని 41024320 వచ్చేస్తుంది. పూర్ణాంకపు గడపకు అటూ ఇటూ పడే లెక్కలలో పట్టికలోని ఐదు స్థానాలను నమ్ముకుంటే ఇలాగే జరుగుతుంది.

ఈ లెక్కలోనే మరొక ఫలితం ఉచితంగా దొరుకుతుంది. దశాంశ భాగం ఇంకొంచెం కచ్చితంగా 0.945318. సంవర్గమానం అంత ఉండే సంఖ్య 8.817కి కాస్త తక్కువగా, 8.8169 దగ్గర ఉంటుంది. కనుక మ మొదలయ్యేది 8816 అనే అంకెలతో. ఎడమ చివర ఇంకా ఎక్కువ అంకెలు కావాలంటే సంవర్గమానానికి ఇంకా ఎక్కువ స్థానాలు తీసుకోవాలి, అంతకు మించిన చిక్కు లేదు.

శేషం

ఎడమ చివర సంవర్గమానం గారు చూశారు కాబట్టి కుడి చివర నేను చూస్తాను. ఇక్కడ ఉజ్జాయింపుల బెడద లేదు, అన్నీ పూర్ణాంకాలే.

2 యొక్క ఘాతాల చివరి అంకెలు 2, 4, 8, 6 అని నాలుగు మెట్లకోసారి తిరిగి వస్తాయి. ఘ ని 4తో భాగిస్తే శేషం 1, కనుక 2^ఘ చివర 2, మ చివర 1. చివరి మూడు అంకెలు కావాలంటే 1000ని 8, 125గా విడదీసి చూడాలి. 125తో భాగించినప్పుడు వచ్చే శేషాలు 100 మెట్లకోసారి తిరిగి వస్తాయి, 8తో శేషం మూడో ఘాతం నుంచి ఎప్పుడూ సున్నాయే. ఘ చివరి రెండంకెలు 41 కాబట్టి 2^ఘ చివరి మూడంకెలు 2^41 చివరి మూడంకెలే. 2^41 = 2199023255552. అంటే 552, ఒకటి తీసేస్తే 551. ఫైలు తెరిచిన వారెవరైనా ఉంటే చివరకు వెళ్లి సరిచూడవచ్చు.

ఇదే పద్ధతిలో 9తో భాగిస్తే శేషాలు ఆరు మెట్లకోసారి తిరుగుతాయి. ఘ ని 6తో భాగిస్తే 5 మిగులుతుంది, 2^5 = 32, దానికి 9తో శేషం 5, ఒకటి తీస్తే 4. కనుక మ లోని నాలుగు కోట్ల పైచిలుకు అంకెలనూ కూడి, వచ్చిన మొత్తంలోని అంకెలను మళ్లీ కూడుతూ పోతే చివరకు మిగిలేది 4. ఒక్క అంకెనైనా కూడకుండానే ఈ మాట చెప్పగలగడం నాకు ఎప్పుడూ చిన్న ఇంద్రజాలంలా కనిపిస్తుంది.

కాగితం_కలం

ఇద్దరికీ ధన్యవాదాలు. ఐదు స్థానాల పట్టికను ఇక పక్కన పెడతాను.

అయితే ఒక సందేహం. మొదటి అంకెలు, చివరి అంకెలు, 9తో శేషం వంటి ఫలితాలన్నీ ఘ విలువ వల్ల వచ్చినవే. మ ప్రధాన సంఖ్య కాకపోయినా ఇవన్నీ ఇలాగే ఉండేవి. మరి ప్రధాన సంఖ్య అన్న గుణం ఎక్కడ పనిచేస్తుంది?

విడగొట్టేవాడు

ఆ ప్రశ్నను ముందు తలకిందులుగా చూడాలి. మ ప్రధాన సంఖ్య కాకపోయి ఉంటే దాని కారణాంకాలు ఎలా ఉండేవో చూస్తే, ఇటువంటి సంఖ్యలను వెతకడం ఎందుకు సాధ్యమవుతుందో అర్థమవుతుంది.

మొదట ఘాతాంకం ప్రధాన సంఖ్య అయి తీరాలి. 0, 1 అంకెలు మాత్రమే వాడే ద్విసంఖ్యామానంలో రాస్తే ఇది కంటికే కనిపిస్తుంది. 2^6 − 1 అంటే 111111. దానిని 111, 111 అని రెండు సమాన ముక్కలు చేయవచ్చు, కనుక అది 111 × 1001, అంటే 7 × 9. ఒకట్ల వరుసను సమాన ముక్కలుగా విరవగలిగితే సంఖ్య కూడా విరిగిపోతుంది. మ అంటే 136279841 ఒకట్ల వరుస, ఆ సంఖ్య ప్రధానం కాబట్టి ఇలా విరవడానికి వీలు లేదు. ఘాతాంకం ప్రధానమైతే చాలు అనుకోకూడదు: 11 ప్రధాన సంఖ్యే, అయినా 2^11 − 1 = 2047 = 23 × 89.

ఇప్పుడు క అనే బేసి ప్రధాన సంఖ్య మ ని భాగిస్తుందనుకుందాం. అంటే 2^ఘ ని క తో భాగిస్తే శేషం 1. 2ను దానితోనే గుణించుకుంటూ పోతే శేషం మొదటిసారి 1 అయ్యే మెట్టు ఏదో, ఆ మెట్టు సంఖ్య ఘ ని భాగించాలి. ఘ ప్రధాన సంఖ్య, ఆ మెట్టు 1వది కాజాలదు, కనుక అది ఘ యే. ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం 2^(క − 1)కి కూడా శేషం 1, కాబట్టి ఘ అనేది క − 1ని భాగించి తీరాలి. క − 1 సరి సంఖ్య కూడా. అందువల్ల క = 2 × ట × ఘ + 1 (ట ఏదో ఒక పూర్ణాంకం) అనే రూపం తప్ప మరొక దారి లేదు.

ఇంకొక జల్లెడ కూడా ఉంది. 2^(ఘ + 1)కి శేషం 2, ఘ + 1 సరి సంఖ్య, అంటే క తో వచ్చే శేషాల లోకంలో 2 ఒక వర్గ సంఖ్య. అలా కావాలంటే క ని 8తో భాగించినప్పుడు 1 గానీ 7 గానీ మిగలాలి. మన ఘ ని 8తో భాగిస్తే 1 మిగులుతుంది. ట = 1 అయితే క కి 8తో శేషం 3, ట = 2 అయితే 5, రెండూ పనికిరావు. ట = 3 అయితే 7, అంటే మొదటి అభ్యర్థి 6 × 136279841 + 1 = 817679047. ఒక్క భాగాహారమైనా చేయకముందే, 81 కోట్ల 76 లక్షల లోపు ఉన్న ఏ ప్రధాన సంఖ్యా మ ని భాగించదని ఈ రెండు జల్లెడలూ చెప్పేశాయి.

2^31 − 1 = 2147483647 ప్రధాన సంఖ్య అని ఆయిలర్ 1772లో తెలిపింది ఈ జల్లెడలతోనే. అక్కడ కారణాంకాన్ని 248తో భాగిస్తే శేషం 1 గానీ 63 గానీ కావాలి. వర్గమూలం 46340 దగ్గర ఉంటుంది కాబట్టి ఆ లోపు ఇటువంటి సంఖ్యలు 373 ఉన్నాయి. వాటిలో మొదటిదైన 63 ప్రధాన సంఖ్య కాదు, అది పోగా 372. చేత్తో చేయడానికి వందలాది భాగాహారాలు ఎక్కువే, కానీ ఆయిలర్‌కు ఎక్కువ కాదు.

విద్యార్థిని_17

చదువుతుంటే బాగుంది. ఒక్క మాట అడుగుతాను, మరీ చిన్న ప్రశ్న అయితే మన్నించండి. ఆయిలర్ లాగే అభ్యర్థులన్నిటితో భాగించి చూసే మ ప్రధాన సంఖ్య అని తేల్చారా? కంప్యూటరు వేగంగా చేస్తుంది కదా?

విడగొట్టేవాడు

చిన్న ప్రశ్న కాదండీ. మ వర్గమూలానికే 20512160 అంకెలు ఉంటాయి. అంత దూరం దాకా ఉన్న అభ్యర్థులను రాశి పోయడానికి విశ్వంలోని అణువులన్నీ కలిపినా సరిపోవు. భాగించి చూడటం అనేది చిన్న కారణాంకాలున్న సంఖ్యలను ముందుగానే ఏరివేయడానికి మాత్రమే పనికివస్తుంది. అసలు తీర్పు ఇచ్చేది లూకాస్ – లేమర్ పరీక్ష.

మడతపెట్టు

ఆ పరీక్ష నాకు ఇష్టమైన విషయం కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. ఎడ్వార్డ్ లూకాస్ 1870లలో వేసిన పునాదిని డి. హెచ్. లేమర్ 1930లో ఇప్పటి రూపానికి తెచ్చారు. నియమం ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: 4తో మొదలుపెట్టి, ప్రతి మెట్టులోనూ ఉన్న సంఖ్యను వర్గం చేసి 2 తీసివేసి, పరీక్షిస్తున్న సంఖ్యతో భాగించగా వచ్చిన శేషాన్ని తరువాతి మెట్టుకు తీసుకుపోవాలి. ఘాతాంకం కన్నా రెండు తక్కువ మెట్లు ఎక్కాక సున్నా వస్తే, అప్పుడు మాత్రమే, అది ప్రధాన సంఖ్య.

127ని చూద్దాం. ఇది 2^7 − 1, కనుక ఐదు మెట్లు. 4 వర్గం 16, రెండు తీస్తే 14. 14 వర్గం 196, రెండు తీస్తే 194. ఇక్కడ భాగాహారం అవసరం లేకపోవడమే ఈ సంఖ్యల అందం. 128కి 127తో శేషం 1 కాబట్టి 194లో 128లు ఎన్ని ఉన్నాయో చూసి ఆ లెక్కను మిగిలినదానికి కలిపితే చాలు. ఒకటి ఉంది, 66 మిగిలింది, 1 + 66 = 67. తరువాత 67 వర్గం 4489, రెండు తీస్తే 4487, అందులో 35 నూట ఇరవై ఎనిమిదులు, మిగిలింది 7, కలిపితే 42. 42 వర్గం 1764, రెండు తీస్తే 1762, పదమూడు 128లు, మిగిలింది 98, కలిపితే 111. 111 వర్గం 12321, రెండు తీస్తే 12319, తొంభై ఆరు 128లు, మిగిలింది 31, కలిపితే 127, అంటే సున్నా. ఐదో మెట్టు మీదే సున్నా వచ్చింది.

2047తో ఇదే పని చేస్తే 14, 194, 788, 701, 119, 1877, 240, 282, 1736 అని తొమ్మిది మెట్లు నడిచి 1736 దగ్గర ఆగుతుంది. సున్నా రాలేదు, కాబట్టి అది సంయుక్త సంఖ్య. 23 గురించీ 89 గురించీ ఈ పరీక్ష ఒక్క ముక్క కూడా చెప్పదని గమనించండి. విరుగుతుందని చెబుతుంది కానీ ఎక్కడ విరుగుతుందో చెప్పదు. 2^67 − 1 ప్రధానం కాదని లూకాస్ 1876లోనే చూపినా, దాని కారణాంకాలు 193707721, 761838257287 అని కోల్ చూపేసరికి 1903 వచ్చింది.

మ విషయంలో మెట్లు 136279839. ప్రతి మెట్టులోనూ నాలుగు కోట్ల అంకెల సంఖ్యను వర్గం చేయాలి. బడి గుణకారంతో చేస్తే ఒక్క మెట్టుకే 10^15 కన్నా ఎక్కువ అంకెల గుణకారాలవుతాయి. అందుకే వర్గం చేయడానికి ఫూరియే పరివర్తన ఆధారిత పద్ధతిని వాడతారు, దానితో ఆ పని వందల కోట్ల స్థాయికి దిగుతుంది. భాగాహారం మాత్రం పైన చేసిన మడతపెట్టడమే: 136279841 బిట్ల దగ్గర సంఖ్యను విరిచి, పై ముక్కను కింది ముక్కకు కలపడం. నేను పెట్టుకున్న సభ్యనామం దీని నుంచి వచ్చిందే.

శేషం

మడతపెట్టు గారి వివరణకు చిన్న సవరణ లాంటిది. మ ని మొదట పట్టిచ్చింది లూకాస్ – లేమర్ పరీక్ష కాదు. 2024 అక్టోబరు 11న డబ్లిన్‌లోని ఒక గ్రాఫిక్స్ ప్రాసెసర్, ఇది ప్రధాన సంఖ్య కావచ్చునని తేల్చింది. మరునాడు శాన్ ఆంటోనియోలోని మరొకటి లూకాస్ – లేమర్ పరీక్షతో దానిని నిర్ధారించింది. మొదటిది ఫెర్మా సంభావ్య పరీక్ష, అంటే 3^(మ − 1)ని మ తో భాగిస్తే 1 మిగులుతుందా అని చూడటం, అది రుజువు కాదు.

ఆ తేడా ఎందుకంత ముఖ్యమో 91 చూపిస్తుంది. 3^6 = 729 = 8 × 91 + 1, కనుక 3^90కి కూడా 91తో శేషం 1. ఈ పరీక్షలో 91 దర్జాగా నెగ్గుతుంది, కానీ 91 = 7 × 13.

విద్యార్థిని_17

ఈ పరీక్షలో 3నే ఎందుకు తీసుకున్నారు? మన సంఖ్య అంతా 2తోనే నిర్మితమైంది కదా, 2తో చేస్తే ఇంకా సులువు కాదా?

శేషం

సులువే, మరీ సులువు, అందుకే పనికిరాదు. ఘాతాంకం ప్రధాన సంఖ్య అయిన ప్రతి 2^ఘ − 1 కూడా ఆధారం 2తో పెట్టిన పరీక్షలో నెగ్గి తీరుతుంది, అది ప్రధానమైనా కాకపోయినా. కారణం ఇది: 2^ఘ కి మ తో శేషం 1. మ − 1 = 2^ఘ − 2ని ఫెర్మా సిద్ధాంతం ప్రకారం ఘ భాగిస్తుంది. కాబట్టి 2^(మ − 1)కి శేషం 1 తప్ప మరొకటి రాదు. 2047ని తీసుకోండి: 2046 = 11 × 186, 2^11కి శేషం 1, కనుక నెగ్గుతుంది. దొంగను దొంగ సొంత అన్ననే సాక్ష్యం అడిగినట్టు ఉంటుంది. 3 బయటి సాక్షి.

పొరుగింటి_అంకె

మ గురించి ఎంత చెప్పుకున్నా దాని ఇరుగుపొరుగు గురించి ఎవరూ మాట్లాడలేదు. నాకు కవల ప్రధాన సంఖ్యలంటే, అంటే 2 తేడాతో ఉండే ప్రధాన సంఖ్యల జంటలంటే, ఆసక్తి. మ + 2 ప్రధాన సంఖ్య కాదు, ఎందుకంటే అది 2^ఘ + 1, బేసి ఘాతాంకంతో అది ఎప్పుడూ 3తో భాగింపబడుతుంది. కానీ మ − 2 = 2^ఘ − 3 సంగతి అంత తేలిగ్గా తేలలేదు. 3తో భాగిస్తే 2, 5తో భాగిస్తే 4, 7తో 1, 11తో 10, 13తో 3, 17తో 16, 19తో 10, 23తో 6 మిగిలాయి. ఏదీ కుదరలేదు. ఇక వదిలేద్దామనుకుంటూ 29 దగ్గరికి వచ్చాను. 29తో శేషాలు 28 మెట్లకోసారి తిరుగుతాయి, ఘ ని 28తో భాగిస్తే 5 మిగులుతుంది. 2^5 = 32, మూడు తీస్తే 29! కనుక మ − 2ని 29 నిశ్శేషంగా భాగిస్తుంది. మ కి కవల లేదు.

అలాగే 2 × మ + 1 అంటే 2^(ఘ + 1) − 1, అది కూడా 3తో భాగింపబడుతుంది, కాబట్టి మ సోఫీ జెర్మేన్ ప్రధాన సంఖ్య (రెట్టింపు చేసి 1 కలిపినా ప్రధానంగానే ఉండేది) కాదు.

కాగితం_కలం

పొరుగింటి_అంకె గారి 29 చూశాక నేను కూడా మ − 1ని పట్టుకుని కూర్చున్నాను. మ − 1 = 2 × (2^(ఘ − 1) − 1). ఘ − 1 = 136279840ని విడదీస్తే 32 × 5 × 851749 వస్తుంది. అంటే 32 అనేది ఘ − 1ని భాగిస్తుంది, కనుక 2^32 − 1 అనేది 2^(ఘ − 1) − 1ని, దానితో పాటు మ − 1ని భాగిస్తుంది. 2^32 − 1 = 4294967295 = 3 × 5 × 17 × 257 × 65537. 2^1 + 1, 2^2 + 1, 2^4 + 1 అని ఘాతాంకం రెట్టింపవుతూ పోయే ఫెర్మా ప్రధాన సంఖ్యలలో తెలిసినవి ఈ ఐదే! ఐదింటిలో దేనితో భాగించినా మ కి మిగిలేది 1. నా లెక్క సరైనదేనా అని ఎవరైనా చూడండి, ఇంత చక్కగా కుదిరితే నాకు అనుమానం వస్తుంది.

విడగొట్టేవాడు

సరైనదే. 4258745 × 32 = 136279840, ఒకటి కలిపితే ఘ. అయితే ఇందులో మ కి ప్రత్యేకమైన మహిమ ఏమీ వెతకకండి. బేసి ఘాతాంకాలను 32తో భాగిస్తే పదహారు రకాల శేషాలు రావచ్చు, వాటిలో ఒకటి 1, అది ఇక్కడ వచ్చింది. పదహారింట ఒక వంతు అదృష్టం. పొరుగింటి_అంకె గారి 29 కూడా అటువంటిదే. కాగితం మీద దొరికినప్పుడు కలిగే ఆనందానికి మాత్రం ఈ లెక్క అడ్డు రాదు.

నాలుగు_వర్గాలు

కాగితం_కలం గారు మొదట్లో అడిగిన ప్రశ్నకు, అంటే ప్రధానం కావడం ఎక్కడ పనిచేస్తుందన్నదానికి, ఇంకా సూటి జవాబు రాలేదని నాకు తోస్తోంది. వర్గాల మొత్తాలలో అది కనిపిస్తుంది.

మ ని 8తో భాగిస్తే 7 మిగులుతుంది. అటువంటి ఏ సంఖ్యనూ మూడు వర్గాల మొత్తంగా రాయలేము, నాలుగు కావాలి, నాలుగు చాలునని లగ్రాంజ్ 1770లో నిరూపించారు. 31కి 25 + 4 + 1 + 1 అన్నట్టు. ఇది ప్రధానత్వానికి సంబంధం లేని మాట. కానీ 3తో భాగిస్తే 1 మిగిలే ప్రతి ప్రధాన సంఖ్యనూ ఒక వర్గం, మరొక వర్గానికి మూడు రెట్లు, ఈ రెంటి మొత్తంగా రాయవచ్చు, ఒకే ఒక్క విధంగా. 7 = 4 + 3 × 1, 31 = 4 + 3 × 9, 127 = 100 + 3 × 9. 3తో మ కి మిగిలేది 1, మ ప్రధాన సంఖ్య, కాబట్టి దానికి కూడా అటువంటి జంట ఒకటుంది, రెండోది లేదు. సంయుక్త సంఖ్యలకు ఈ హామీ లేదు: 3తో 1 మిగిలే 55ని ఇలా రాయలేము, 91ని 16 + 3 × 25 గానూ 64 + 3 × 9 గానూ రెండు విధాలుగా రాయవచ్చు. నాలుగు కోట్ల అంకెల మ వెనుక రెండు కోట్ల అంకెల జంట ఒకటి తప్పకుండా ఉందని, అది ఒక్కటేనని చెప్పగలగడం పూర్తిగా దాని ప్రధానత్వం వల్లే.

ఉపయోగవాది

ఇంత పెద్ద సంఖ్య సంకేత లిపికి పనికివస్తుందని ఒక వార్తలో చదివాను. నిజమేనా?

శేషం

కాదు. సంకేత లిపిలో రహస్యంగా ఉంచే ప్రధాన సంఖ్యలు ఎవరికీ తెలియనివై ఉండాలి, మ పేరు ప్రపంచానికంతటికీ తెలుసు. పైగా అక్కడ కొన్ని వందల అంకెలు సరిపోతాయి. చిన్న మెర్సెన్ సంఖ్యలు మాత్రం బహిరంగ పరామితులుగా పనిచేస్తాయి. 2^521 − 1 మీద నిర్మించిన ప్రామాణిక దీర్ఘవృత్తీయ వక్రం ఉంది, అక్కడా భాగాహారానికి బదులు మడతపెట్టడమే లాభం.

ఉపయోగం లేదు కాబట్టి ఎవరూ వెతకరన్న మాట కూడా పాతదే. 2^31 − 1 నుంచి వచ్చే పరిపూర్ణ సంఖ్య (తనను తప్ప మిగిలిన భాజకాలన్నీ కూడితే తానే వచ్చే సంఖ్య) కన్నా పెద్దదానిని ఎవరూ కనుగొనబోరని, ఇవి వింతలే తప్ప ఉపయోగపడేవి కావని పీటర్ బార్లో 1811లో రాశారు.

సరి_సంఖ్య

పరిపూర్ణ సంఖ్య మాట వచ్చింది కాబట్టి: 2^(ఘ − 1) × మ కూడా పరిపూర్ణ సంఖ్యే, దానికి 82048640 అంకెలు ఉంటాయి. పరిపూర్ణ సంఖ్యల చివర 6, 8 ఒకటి విడిచి ఒకటి వస్తాయి కాబట్టి, 52వది అయిన దీని చివర 8 ఉండాలి కదా?

సంవర్గమానం

రెండు పొరపాట్లున్నాయండీ. 6, 28, 496, 8128 దాకా మీరన్నట్టే నడుస్తుంది. ఐదోది 33550336, ఆరోది 8589869056, రెండింటి చివరా 6 ఉంది, అక్కడితో ఆ వరుస తెగిపోయింది. చివరి అంకెను నిర్ణయించేది క్రమసంఖ్య కాదు, ఘాతాంకం. దానిని 4తో భాగిస్తే 1 మిగిలినప్పుడు 6, 3 మిగిలినప్పుడు 8. మన ఘ కి 1 మిగులుతుంది, కనుక చివర 6.

రెండోది, దీనిని 52వది అనకుండా, తెలిసినవాటిలో 52వది అనడం మేలు. దీనికన్నా చిన్న ఘాతాంకాలన్నిటినీ రెండోసారి సరిచూడటం ముగియలేదు, మధ్యలో ఏదైనా దాగి ఉండవచ్చు. వాగ్‌స్టాఫ్ 1983లో ప్రతిపాదించిన ఊహ ప్రకారం, ఒక హద్దు లోపు ఉండే, మెర్సెన్ ప్రధాన సంఖ్యలనిచ్చే ఘాతాంకాల సంఖ్య ఆ హద్దుకు ఆధారం 2తో తీసిన సంవర్గమానానికి సుమారు 1.78 రెట్లు. ఘ దాకా లెక్కిస్తే 27.02 × 1.78, అంటే 48. తెలిసినవే 52 ఉన్నాయి. ఊహకు ఇది విరుద్ధం కాదు, ఇంత చిన్న లెక్కలలో నాలుగు అటూ ఇటూ కావడం సహజం. అసలు మెర్సెన్ ప్రధాన సంఖ్యలు అనంతంగా ఉన్నాయన్నదే ఇంతవరకు ఎవరూ నిరూపించలేదు.

విద్యార్థిని_17

నేను కూడా ఒకటి సొంతంగా చేసి చూశాను, సరిచూడగలరు. ఐదు ఫెర్మా ప్రధాన సంఖ్యల తరువాత రావలసిన 2^32 + 1 ప్రధాన సంఖ్య కాదని, దానిని 641 భాగిస్తుందని ఆయిలర్ చూపించారు కదా. అందుకని మ ని 641తో భాగిస్తే కూడా 1 మిగులుతుందేమోనని ఆశపడ్డాను. 2^32కి 641తో శేషం −1. ఘ = 32 × 4258745 + 1. 4258745 బేసి సంఖ్య, కాబట్టి −1ని అన్నిసార్లు గుణిస్తే −1, దానిని 2తో గుణిస్తే −2, ఒకటి తీసేస్తే −3. అంటే మిగిలేది 638. 1 రాలేదు.

విడగొట్టేవాడు

సరిగ్గా చేశారు. 2కి 641తో శేషాలు తిరిగి రావడానికి 64 మెట్లు పడుతుంది, ఘ − 1లో 32 ఉంది కానీ 64 లేదు. కాగితం_కలం గారి ఐదు సంఖ్యల వరుస ఆరోదాని దగ్గర ఆగడానికి కారణం అదే.